రెండు గీతల మావయ్య

మా మావయ్యకి ఈ లోకంలో ఒక్కడే శత్రువు. వాడి పేరు హమ్.

హమ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. మైకు పెట్టిన చోట, స్పీకరు ఉన్న చోట, ఎవరూ నోరు విప్పకపోయినా వెనకాల నుంచి సన్నగా "గుయ్" మని ఒక మూలుగు వస్తూ ఉంటుంది. కరెంటు తీగల్లో పుట్టి, పక్కనే పోతున్న మాటల తీగలోకి చొరబడే దొంగ అది. మీరూ నేనూ దాన్ని వింటాం, మరచిపోతాం. మా మావయ్య వింటాడు, లేస్తాడు, వెతుకుతాడు, పట్టుకుంటాడు. ఈ నాలుగు పనుల మధ్యలో ఎవరి ప్రసంగం ఆగిపోయినా, ఎవరి ఒళ్ళో కాఫీ ఒలికినా ఆయనకి పట్టదు.

వృత్తి రీత్యా ఆయన కళ్ళజోళ్ళ వ్యాపారి. దేవుడు పొరపాటున కళ్ళ దుకాణంలో కూర్చోబెట్టిన చెవి ఆయన. "కింది వరస అక్షరాలు కనబడుతున్నాయా?" అని అడగవలసిన సమయంలో "ఆ ట్యూబ్‌లైటు వినబడుతోందా?" అని అడిగేవాడు. చూపు తగ్గిందని వచ్చినవాళ్ళు వినికిడి కూడా తగ్గిందేమోనని దిగులుపడుతూ వెళ్ళేవారు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. నోరు బార్లా తెరిచి, లోపల సగం ఇనుప సామాను పెట్టించుకుని పడుకున్న మనిషి ఉన్నట్టుండి చెయ్యెత్తి గోడకేసి చూపించడం మొదలుపెట్టాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు డాక్టరు.

తల అడ్డంగా ఊపాడు.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

మళ్ళీ అడ్డంగానే. డాక్టరు హడలిపోయి నోట్లోవన్నీ బయటికి తీశాడు.

"ఆ స్పీకర్లో పాట వెనకాల హమ్ వస్తోందండీ. దాని జాక్‌కి ఎన్ని గీతలున్నాయి?" అన్నాడు మావయ్య.

ఆ పూట పన్ను ఊడలేదు. స్పీకరు మాత్రం ఊడింది.

గీతల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళడం కుదరదు. స్పీకర్లకీ, రికార్డింగు పెట్టెలకీ గుచ్చే వైరు కొసన వేలెడు పొడుగున మెరిసే పిన్ను ఒకటి ఉంటుంది. అదే జాక్. దాని మెడ మీద ఒక్క నల్ల గీత ఉంటే లోపల రెండు తీగలే ఉన్నట్టు. అది అన్‌బ్యాలెన్స్‌డ్. రెండు గీతలుంటే మూడు తీగలు. అది బ్యాలెన్స్‌డ్. మానవజాతి చరిత్రలో ఇంతకు మించిన విభజన జరగలేదని మావయ్య నమ్మకం. మనుషుల్ని కూడా ఆయన ఇలాగే జమకట్టేవాడు. "వాడా? మంచివాడే. కానీ ఒక్క గీత మనిషి" అన్నాడంటే ఇక ఆ మనిషికి మా ఇంట్లో రెండో కప్పు టీ దొరికేది కాదు.

"అసలు ఆ మూడో తీగ గొప్పేమిటి మావయ్యా?" అని నేను ఒకసారి తెలియక అడిగాను. తెలియక అన్న మాట గమనించాలి.

"కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. "నువ్వు ఊరవతలికి ఒక కబురు పంపాలి. ఇద్దరు మనుషుల చేత పంపు. ఒకడు ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. రెండోవాడు ప్రతి మాటా తలకిందులు చేసి చెబుతాడు. ఇద్దరూ కలిసే నడుస్తారు. దారిలో ఒక పుకారు ఇద్దరికీ ఒకేలా అంటుకుంటుంది. అవునా?"

"అంటుకుంటుంది."

"అవతల ఒక పెద్దమనిషి కూర్చుని, రెండోవాడు చెప్పిందంతా మళ్ళీ తిరగేసి, మొదటివాడి మాటతో కలుపుతాడు. అప్పుడేమైంది? కబుర్లు రెండూ ఒకటై గట్టిపడ్డాయి. పుకార్లలో ఒకటి నిటారుగా ఉంది, రెండోది తలకిందులైంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుని చచ్చాయి. ఆ పుకారే హమ్. మూడో తీగ చుట్టూ గొడుగులా కాపలా కాస్తుందంతే. అసలు పని ఆ తిరగేయడంలో ఉంది. అందరూ మూడో తీగే గొప్ప అంటారు, మూర్ఖులు."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "నేను చెప్పిన ప్రతిదీ ఆయన తలకిందులు చేస్తాడు నాయనా. ఆ లెక్కన మా కాపురం బ్యాలెన్స్‌డే."

ఇక్కడ అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ ఇంట్లో కూర్చుని ఆడియో పుస్తకాలు చదివేది. నవలలు, కథలు, అప్పుడప్పుడు తోటపని పుస్తకాలు. గ్యాస్ సిలిండరు కోసం ఫోను చేస్తే అవతలివాడు "ఆ దెయ్యం నవల చదివింది మీరే కదండీ?" అని అడిగి, వణుకుతూ సిలిండరు త్వరగా పంపించేవాడు. అంత గొంతు. ఆ గొంతుకి ఆస్థాన విద్వాంసుడు, మంత్రి, కాపలావాడు మా మావయ్య. వెనక పడగ్గదిని స్టూడియో చేశాడు. గోడలకి పాత పరుపులు నిలబెట్టాడు, కిటికీకి దుప్పట్లు మేకులతో కొట్టాడు. మైకు నుంచి ఒక పెట్టెకి, ఆ పెట్టె నుంచి రికార్డింగు యంత్రానికి వైర్లన్నీ ఆయన స్వయంగా టంకం పెట్టినవే. అన్నీ బ్యాలెన్స్‌డే. కరెంటు వైరు, మాటల వైరు ఎక్కడైనా పక్కపక్కన నడిస్తే ఆయనకి అదొక కుటుంబ కళంకం.

రికార్డింగు సమయంలో ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోవాలి. తిరిగి వెయ్యడం మరచిపోకుండా స్కూటరు తాళం ఫ్రిజ్‌లో పెట్టేవాడు. తాళం కావాలంటే ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే చీకటి, చీకటి చూస్తే స్విచ్చి గుర్తొస్తుంది. ఈ ఏర్పాటు దివ్యంగా నడిచేది, స్కూటరు మీద వెళ్ళవలసిన పని ఉన్న రోజుల్లో. లేని రోజుల్లో పాలు విరిగేవి.

అలాంటి ఇంట్లో, పోయిన ఏడాది, అత్తయ్యకి చిన్న పక్షవాతం వచ్చి వెళ్ళింది. చెయ్యీ కాలూ త్వరగానే దారికొచ్చాయి. నాలుక మాత్రం బరువైన మాట దగ్గర జారేది. మామూలు మాటలు బాగానే పలికేది, ఒత్తులు వరసగా వచ్చేసరికి కాలు మడతపడినట్టు మడతపడేది. "ఎంత మాట్లాడితే అంత మంచిది. మాట్లాడటమే మందు" అన్నాడు డాక్టరు. అత్తయ్య ఆ మందు అస్సలు పుచ్చుకోలేదు. తప్పు పలుకుతానేమోనని నోరే మూసేసింది. ఉప్పు చాలలేదంటే డబ్బా జరిపేది. ఫోను మోగితే నాకేసి చూసేది. ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ లేనంత నిశ్శబ్దం. జీవితమంతా నిశ్శబ్దం కోసం వైర్లు మార్చిన మనిషి, అది దొరికాక ఏం చెయ్యాలో తెలియక కుర్చీలో కూర్చుండిపోయాడు.

తరవాత ఒకనాడు ఆడియో పుస్తకాల సంస్థవాళ్ళతో ఆయనేం మాట్లాడాడో తెలియదు, ఒక నవల పట్టుకొచ్చాడు. లాయర్ల నవల. అందులో ప్రతి పాత్రా మంచినీళ్ళు అడగాలన్నా న్యాయశాస్త్రం మాట్లాడుతుంది.

అత్తయ్య దాన్ని తిరగేసి నోరు విప్పింది. "చదువుతాను. కానీ ఒక్కటే షరతు. మైకు ముందు నా నాలుక ఒక్కసారి మడతపడినా అక్కడితో సరి. పుస్తకం వెనక్కి పంపేస్తాను, మళ్ళీ నన్ను అడగొద్దు. తడబడే గొంతుని నేను జనానికి వినిపించను."

"అలాగే" అన్నాడు మావయ్య. ఆ షరతుకి ఆయన అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని నాకు ఆశ్చర్యం వేసింది.

మేడ మీద వాటాలో ఉంటాను గనక, పుస్తకం పట్టుకుని చదివింది సరిగా ఉందో లేదో చూసే ఉద్యోగం నాకు పడింది. జీతం టీ. మొదటి రోజు అత్తయ్య మైకు ముందు కూర్చుంది. మావయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని యంత్రం ముందు కూర్చున్నాడు. నాలుగు వాక్యాలు హాయిగా సాగాయి. అయిదో వాక్యంలో మావయ్య చెయ్యెత్తాడు.

"ఆగు. హమ్."

వైరు మార్చాడు. మళ్ళీ మొదలు. అర పేజీ అయింది.

"ఆగు. హమ్."

"ఇందాకే కదండీ మార్చారు!"

"ఇది వేరే హమ్."

పూట గడిచేసరికి అత్తయ్య ఓపిక అడుగంటింది. "ఏమిటండీ మీ హమ్ము! ఇన్నేళ్ళు ఆ వైర్లతో కాపురం చేశారు, ఒక్క వైరైనా మీ మాట విన్నదా? ఆ శ్రద్ధలో పావలా వంతు కుళాయి మీద పెడితే స్నానాలగది వరదల్లో మునిగేది కాదు! పాలు విరిగిపోయాయి, పరుపులు గోడకెక్కాయి, నేను నేల మీద పడుకుంటున్నాను! మీకు పెళ్ళాం ఎందుకు, ఒక ప్లగ్గుని చేసుకోవలసింది!"

నెలల తరబడి మూగపోయిన మనిషి! నేను పుస్తకం కింద పడేసుకున్నాను. మావయ్య తల వంచుకుని, పూలవాన పడుతున్నట్టు ఆ తిట్లన్నీ మీద పోయించుకున్నాడు. అరిచి అరిచి వేడెక్కిన నాలుకతో అత్తయ్య తిరిగి మైకు ముందు కూర్చుని, ఇందాక ఆగిన వాక్యాన్ని గులాబీ రేకులా విప్పింది.

రోజూ ఇదే తంతు. హమ్, తిట్లు, చక్కటి పేజీ. హమ్, తిట్లు, చక్కటి పేజీ.

కొన్నాళ్ళకి నాకొక సంగతి తట్టింది. ఈ హమ్‌కి భాషాజ్ఞానం ఉంది. "ఆమె తలుపు తీసింది" దగ్గర రాదు. "వాడు నవ్వాడు" దగ్గర రాదు. "నిర్ద్వంద్వంగా" అనే మాట నాలుగు మాటల దూరంలో ఉందనగా వస్తుంది. "ప్రత్యక్షసాక్ష్యం" దగ్గర తప్పనిసరిగా వస్తుంది. ఇంత పండితుడైన విద్యుత్తు గురించి నేనెక్కడా చదవలేదు. ఒకసారి "ఆగు, హమ్" అని ఆయన వైరు వెతుకుతున్నప్పుడు, బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి చెవికి పెట్టుకున్నాను. అర్ధరాత్రి గ్రంథాలయం కూడా అంత నిశ్శబ్దంగా ఉండదు.

మరునాడు దుకాణానికి వెళ్ళి నిలదీశాను. "మావయ్యా, హమ్ లేదు కదూ?"

ఆయన కళ్ళజోడు తుడిచాడు. అమ్మకానిది కాదు, తనది. "నేను కట్టిన గదిలో హమ్మా? నోరు కడుక్కో."

"మరి?"

"మీ అత్తయ్య తడబడే ముందు ఊపిరి ముడి పడుతుందిరా. చాలా చిన్న ముడి. వాక్యం మధ్యలో గుటకలాగ వస్తుంది. అది వినబడగానే ఆపేస్తాను. మాట దాకా పోనివ్వను. తప్పు జరగలేదు, షరతు తెగలేదు. తరవాత నన్ను తిట్టుకుంటుంది. డాక్టరు చెప్పిన మందు అదేగా, మాట్లాడటం. మామూలుగా ఇస్తే మింగడం లేదు, ఇలా మింగిస్తున్నాను."

"ఎన్నాళ్ళు ఇలా?"

"ఈ మధ్య ముడి తగ్గింది, నువ్వు చూళ్ళేదా? పుస్తకం పూర్తయ్యేసరికి దారికొస్తుంది. అప్పటిదాకా నోరు కుట్టుకో."

కుట్టుకున్నాను. కానీ సంస్థవాళ్ళు కుట్టుకోలేదు. పుస్తకం ఆలస్యమవుతోందని ఫోను చేశారు. ఎందుకాలస్యం అంటే మావయ్య "హమ్" అన్నాడు. అయితే మా ఇంజనీరమ్మని పంపుతాం, గది చూస్తుంది, గది పనికిరాకపోతే మీ ఆవిడని మా స్టూడియోకి తీసుకొచ్చి చదివిస్తాం, అదీ కుదరకపోతే వేరే గొంతు చూసుకుంటాం అన్నారు.

ఫోను పెట్టేసి మావయ్య నాకేసి తిరిగాడు. "అక్కడ అద్దం వెనక కూర్చునేవాళ్ళు ఊపిరి వినర్రా. మాట వింటారు" అన్నాడు.

ఇంజనీరమ్మ వచ్చింది. భుజాన పెద్ద సంచీ, మెడలో హెడ్‌ఫోన్లు, ముఖంలో వైద్యురాలి ధీమా. పరుపుల గోడలు చూసి మెచ్చుకుంది. "మీరు పంపిన అధ్యాయాలు శుభ్రంగానే ఉన్నాయి సార్. మరి హమ్ ఎక్కడ? ఒకసారి వినిపించండి. హమ్ లేదంటే ఆలస్యానికి వేరే కారణం ఉన్నట్టే కదా" అంది.

గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య ముఖం పాలిపోయింది. వేరే కారణం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పనక్కరలేదు.

"ముందు టీ తాగమ్మా. ఈలోగా యంత్రం వేడెక్కుతుంది" అన్నాడు మావయ్య. ఆడవాళ్ళిద్దరూ ముందు గదిలోకి వెళ్ళగానే నా చొక్కా పట్టుకుని లాగాడు. "ఒరేయ్ అల్లుడూ, పైకెళ్ళి మీ అమ్మాయి గిటారు వైరు పట్రా."

గిటారు వైరంటే ఒక్క గీత. రెండే తీగలు. దాన్ని కింది వాటా గుమ్మం దాటనివ్వకూడదని ఆయన మా అమ్మాయి చేత ప్రమాణం చేయించుకున్నాడు.

"మావయ్యా, నువ్వేనా?"

"నడు!"

తెచ్చాను. ఆయన దాన్ని ఎలక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పెట్టెకీ యంత్రానికీ మధ్య ఉన్న తన సొంత వైరు పీకాడు. తనే టంకం పెట్టిన వైరు! దాని స్థానంలో గిటారు వైరు గుచ్చాడు. అంతటితో పాపం పండలేదన్నట్టు, దాన్ని తీసుకెళ్ళి కరెంటు అడాప్టరు చుట్టూ ముద్దుగా రెండు చుట్లు తిప్పాడు. హమ్ ఇంకా బలిసేలా యంత్రం ప్లగ్గు పీకి అవతలి గోడకి పెట్టాడు. చివరి స్విచ్చి వేసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

"గుయ్య్య్" అన్నాయి బల్ల మీది హెడ్‌ఫోన్లు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లోకి రాలేకపోయిన శత్రువు తిన్నగా వచ్చి పీట వేసుక్కూర్చున్నాడు.

ఇంజనీరమ్మ వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉలిక్కిపడింది. "అమ్మ బాబోయ్! సార్, ఇది హమ్ కాదు, తేనెపట్టు!" వైరు వెంట చెయ్యి పోనిచ్చింది, అడాప్టరు దగ్గర ఆగింది, జాక్ బయటికి లాగి చూసింది. ఆవిడ ముఖంలో జాలి పుట్టింది.

"సార్, దీని మీద ఎన్ని గీతలున్నాయో చూశారా?"

"చూళ్ళేదమ్మా" అన్నాడు మా మావయ్య.

"ఒక్కటే. దీన్ని అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్ అంటారు. పాపం, మీకు తెలిసి ఉండదు. రెండు గీతలవి వేరే ఉంటాయి. కూర్చోండి, చెబుతాను."

కూర్చున్నాడు. జీవితంలో ఆ విషయం మీద మొదటిసారి శ్రోతగా కూర్చున్నాడు. ఆవిడ చక్కగా, ఓపికగా, చంటిపిల్లవాడికి అన్నం పెట్టినట్టు చెప్పుకుపోయింది.

"మూడో తీగ ఉంటుంది చూశారూ, అదీ గొప్ప. వచ్చిన హమ్మునంతా అదే పీల్చేసుకుంటుంది."

మావయ్య మెడ నరాలు పైకి తేలాయి. పెదవులు "తిరగేయడం" అనే ఆకారంలోకి వెళ్ళబోయి, వెనక్కొచ్చాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఒక మనిషి నిజాన్ని మింగడం నేను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. గొంతు దగ్గర కదిలింది కూడా.

"అలాగా అమ్మా" అన్నాడు.

అప్పుడు చూశాను. అత్తయ్య గుమ్మంలోంచి గదిలోకి వచ్చి, బల్ల మీది జాక్ చేతిలోకి తీసుకుని, దాని మీద ఉన్న ఒక్క గీతని వేలితో తడుముతోంది. మావయ్యకేసి చూసింది. ఆయన నేలకేసి చూశాడు. మావయ్య గీతల ఉపన్యాసాన్ని ఏళ్ళ తరబడి భోజనంతో పాటు వడ్డించుకున్న మనిషి ఆవిడ. బ్యాలెన్స్‌డ్ వైర్ల ఇంట్లో హమ్ ఎలా వచ్చిందో, ఇన్నాళ్ళూ ఎందుకు వచ్చిందో ఆవిడకి బోధపడడానికి రెప్పపాటు చాలు. ఆ పాలిపోయిన ముఖంలోకి రంగు రావడం నేను చూశాను.

"ఆయనకి ఒకసారి చెబితే ఎక్కదమ్మా" అంది అత్తయ్య, ఒక్క అక్షరం జారకుండా. "ఆ మూడో తీగ పీల్చేసుకునే సంగతి ఇంకోసారి చెప్పండి. నెమ్మదిగా."

ఇంజనీరమ్మ సంతోషంగా ఇంకోసారి చెప్పింది. మావయ్య ఇంకోసారి మింగాడు.

తప్పు వైరుదేగానీ గదిది కాదని, గొంతుది అసలే కాదని ఆవిడ తేల్చేసింది. సంచీలోంచి రెండు గీతల కేబుల్ తీసి బహుమతిగా ఇచ్చి, గడువు పొడిగించమని చెబుతానని మాట ఇచ్చి, పెద్దాయనకి కాస్త సాంకేతిక సాయం ఉండాలని నాకు రహస్యంగా సలహా చెప్పి వెళ్ళిపోయింది. బయటికి వెళ్తూ, నేర్చుకోవాలనే తపన ఉన్న మనిషి అని మెచ్చుకుంది కూడా.

మరునాడు పొద్దున్నే ముగ్గురం పరుపుల గదిలో కూర్చున్నాం. లాయరు చివరి వాదన మొదలయ్యే పేజీ. కొండల్లాంటి మాటలు. అత్తయ్య మొదటి పేరా సాఫీగా దాటింది, రెండోది దాటింది. మూడోదాంట్లో మావయ్య భుజం కదిలింది. ఆయన చెయ్యి ఇంకా బల్ల మీంచి లేవలేదు, ఈలోగా అత్తయ్యే చెయ్యెత్తింది.

"ఆగండి. హమ్."

గదిలో చీమ చిటుక్కుమంటే వినబడుతుంది. మావయ్య హెడ్‌ఫోన్లు మెల్లగా కిందికి దించాడు.

"మీకు వినబడలేదా?" అంది.

"వినబడింది" అన్నాడు మావయ్య. "కొంచెం పెద్ద హమ్మే."

"మరి చూస్తారేం? ఆ వైరేదో సర్దండి. ఈలోగా నేను మంచినీళ్ళు తాగి వస్తాను."

ఆవిడ గ్లాసు అందుకుంది. మా మావయ్య బల్ల కిందికి దూరాడు. అక్కడ సర్దడానికి ఏ వైరూ లేదు. అయినా ఆవిడ నీళ్ళు తాగినంతసేపూ మోకాళ్ళ మీద కూర్చుని, మహా శ్రద్ధగా, ఉత్త గాలిని అటూ ఇటూ సర్దుతూనే ఉన్నాడు.